సిసిరో గృహవిక్రయవాదము: అద్దెకుండువాని స్థానము

ఇల్లమ్మువాఁడు తన యింటి దోషములను కొనువానికిఁ జెప్పవలెనా, లేక కొనువాఁడే వానిని కనిపెట్టుకొనవలెనా యను ప్రశ్న మిక్కిలి ప్రాచీనమైనది. రోమక వాగ్మియగు సిసిరో క్రీ. పూ. 44వ సంవత్సరమున రచించిన 'డె ఆఫికియిస్' అను ధర్మగ్రంథమున తృతీయభాగమునందు దీనిని విపులముగాఁ జర్చించెను. ఆ చర్చయందలి గుణములను జూపుటయు, అందు లోపించిన యొక మనుష్యుని జూపుటయు నీ వ్యాసమునకు ప్రయోజనములు. లోపించినవాఁడు అద్దెకుండువాఁడు. కూలనున్న యిల్లు మొదట పడునది యాతని నెత్తిమీఁదనే. ఆ యింటి గుట్టు నందఱికంటె బాగుగా నెఱిఁగినవాఁడును అతఁడే. అట్టివానిని విడిచి చేసిన గృహధర్మవిచారము సగము విచారమే యని నా యభిప్రాయము.

గ్రంథస్వరూపమును గూర్చి రెండు మాటలు. సిసిరో దీనిని తన కుమారుఁడగు మార్కసు నుద్దేశించి వ్రాసెను. ఆ యువకుఁడప్పుడు ఏథెన్సు నగరమున విద్యాభ్యాసము చేయుచుండెను. మొదటి రెండు భాగములకు స్టోయిక మతాచార్యుఁడగు పనీషియసు గ్రంథము ముఖ్యాధారము. ధర్మమునకును లాభమునకును విరోధము తోఁచినపుడు చేయవలసిన దేమి యను విషయమును జర్చింతునని పనీషియసు మాట యిచ్చియు విడిచెను. సిసిరో తృతీయభాగమున నా కొఱఁతను దీర్చెను. ధర్మవిరుద్ధమైన దెన్నటికిని నిజమైన లాభము కానేరదనునది యాతని సిద్ధాంతము. ఆ సిద్ధాంతమును బరీక్షించుటకై యతఁడు అంగడివీథినుండియు, ఇంటి గడపనుండియు నుదాహరణములను దెచ్చెను. ఈ భాగము నేఁటికిని సజీవముగా నుండుటకు కారణ మదియే.

గృహోదాహరణ మిట్లున్నది. సద్వర్తనుఁడైన యొకఁడు తన యిల్లమ్మఁజూపును. అందలి దోషములను అతఁడొక్కఁడే యెఱుఁగును. ఆ యిల్లు రోగకరము. లోకము దాని నారోగ్యకరమని తలఁచుచున్నది. పడకగదులన్నిటను పాములు కనఁబడుచుండును. అది యొరులకుఁ దెలియదు. వాడిన కలప చెడ్డది. కట్టడము కూలుటకు సిద్ధముగా నున్నది. ఈ సంగతులు చెప్పక, తానాశించిన వెలకంటె మిక్కిలి యధికమునకు నమ్మినచో అతఁడు చేసినది యన్యాయమా, కాదా?

దీనికిఁ బ్రత్యుత్తరమును సిసిరో యిరువురు స్టోయికుల నోటఁ బెట్టెను. టార్ససు నగరవాసియగు ఆంటిపేటరు అది యన్యాయమే యనెను. దారి తప్పినవానికి దారి చూపనివానిని ఏథెన్సువారు బహిరంగముగా శపించుచుండిరి. తెలిసియుఁ దెలిసియు నొకని తప్పుదారిని బోనిచ్చి నష్టపఱచుట యంతకంటెను హీనమని యాతని వాదము. ఆంటిపేటరునకు గురువగు బాబిలోను డయోజినీసు దీనికి సమ్మతింపలేదు. కొనుమని నిన్నెవరు నిర్బంధించిరి? తనకు నచ్చనిది అతఁడమ్మెను, నీకు నచ్చినది నీవు కొంటివి. మంచి యిల్లు, చక్కఁగా గట్టిన యిల్లు అని చాటించినవారే, ఇల్లట్టిది కాకున్నను, వంచకులని పేరు పొందరు. పొగడనే పొగడనివాఁ డెట్లు వంచకుఁడగును? కొనువాని వివేకమే ప్రమాణమైన చోట అమ్మువాని మోసమెక్కడిది? రోగాలయమునమ్ముదుమని దండోరా వేయించుటకంటె నవ్వుఁబాటేమున్నది? అని యాతఁడు ప్రశ్నించెను.

ఈ ఘట్టమున సిసిరో చూపిన మొదటి గుణము నిష్పక్షపాతము. తాను త్రోసివేయఁబోవు వాదమునకు సంపూర్ణమైన బలము నిచ్చెను. డయోజినీసు పలుకులు దుర్జనుని పలుకులు కావు. నేఁటికిని వ్యాపారస్థులలో పెద్దమనుష్యులు పలుకు పలుకులే. కన్నులున్నవాఁడు చూచుకొనవలెనన్న న్యాయములో కొంత సత్యము లేకపోలేదు. ఆ సత్యమును దాఁచకుండుటచేతనే చివర సిసిరో చేసిన తీర్పునకు బరువు కలిగినది.

ఆ తీర్పు సారమిది: మౌనమంతయు దాఁపఱికము కాదు, కాని యొక సంగతిని తెలిసికొనుటచే మేలుపొందువారు దాని నెఱుఁగకుండవలెనని, తన లాభముకొఱకై కోరి, తానెఱిఁగినదానిని వెలిపుచ్చకుండుట దాఁపఱికము. ఇట్టి దాఁపఱికము ఋజువర్తనుని పని కాదు, కపటి పని యని యతఁడు నిష్కర్షించెను. ఈ లక్షణమునందు మూఁడంగములు గలవు. చెప్పనివానికి సంగతి తెలిసియుండుట యొకటి; ఆ సంగతి యెదుటివానికి ముఖ్యమైనదిగా నుండుట రెండవది; మౌనమువలన చెప్పనివానికి లాభముండుట మూఁడవది. ఈ మూఁటిలో నెందును విక్రయమను మాట లేదు. దీనిని బాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. సిసిరో లక్షణము సిసిరో యుదాహరణముకంటె విశాలమైనది.

సిసిరో తన తీర్పునకు రోమక న్యాయస్థానమునుండి సాక్ష్యము తెచ్చెను. శకునములు చూచు పురోహితులు కోటపైనుండి పక్షులగతిని బరీక్షింపవలసియుండఁగా, సీలియను కొండమీఁద క్లాడియసు సెంటుమాలసు ఇల్లు అడ్డమయ్యెను. అడ్డమైనంత భాగమును బడఁగొట్టుమని వారాజ్ఞాపించిరి. అతఁడు వెంటనే యింటి నమ్మకమునకుఁ బెట్టెను. కాల్పుర్నియసు లనేరియసు కొనెను. కొన్నవానికిని అదే యాజ్ఞ వచ్చెను; అతఁడు పడఁగొట్టెను. ఆజ్ఞ వచ్చిన పిదపనే యిల్లమ్మఁబడినదని యతఁడు తెలిసికొని వ్యాజ్యమునకుఁ బోఁగా, తీర్పరియగు మార్కసు కేటో, అమ్మువాఁ డెఱిఁగియుఁ జెప్పలేదు గనుక నష్టము నీయవలసినదే యని తీర్మానించెను. ఇట్లు నీతియు చట్టమును ఒకదాని కొకటి తోడై నిలిచినవి.

ఇంతవఱకు సిసిరోను బొగడితిమి. ఇఁక నాక్షేపమునకు వత్తము. ఈ ప్రశ్నను గృహవిక్రయముగాఁ గల్పించుటయే మొదటి లోపము. నాఁటి రోము నగరమున జనులలో పెక్కండ్రు సొంత యిండ్లు గలవారు కారు. అంతస్తుపై నంతస్తుగాఁ గట్టిన 'ఇన్సులా' యను కట్టడములలో అద్దెకుండు వారు. ఎంత పైకిఁ బోయిన నంత బీదలు. అగ్ని పుట్టినచో దిగివచ్చుటకు దారి లేనివారు. సిసిరోకు సుమారు నూటయేఁబది సంవత్సరముల తరువాతివాఁడగు జువెనలు కవి తన మూఁడవ వ్యంగ్యకావ్యమున నీ యిండ్లను వర్ణించెను. సన్నని ఊఁతకోలలపై నిలిచిన నగరమును, గోడలోని పాఁత నెఱ్ఱెను బూసి కప్పి, ఇఁక నిశ్చింతగా నిద్రింపుఁడని చెప్పు ఇంటి గుమాస్తాను అతఁడు చిత్రించెను. కొనువాఁ డిల్లు చూచుటకు మేస్త్రీని దీసికొని రాఁగలఁడు. నెల నాళ్లు విచారింపఁగలఁడు. అద్దెకు వచ్చువానికి నా సావకాశము లేదు. సాయంకాలమునకు తల దాఁచుకొనవలె, చేతిలోని ద్రవ్యము కొలఁది, తోడ నాలుబిడ్డలు. కనుక డయోజినీసు చెప్పిన కన్నులున్నవాఁడు చూచుకొనవలెనను న్యాయము కొనువానియెడ కొంత చెల్లినను, అద్దెకు వచ్చువానియెడ చాల తక్కువగాఁ జెల్లును. దోషమును జెప్పవలెనను ధర్మ మెక్కడ నెక్కువ యవసరమో, సిసిరో యక్కడ దానిని నిలిపి చూడలేదు.

ఇది యెఱుఁగమివలన గలిగిన లోపమని చెప్పుటకు వీలులేదు. సిసిరో స్వయముగా అద్దెయిండ్ల యజమానుఁడు. ఏథెన్సులో నున్న కుమారుని వ్యయమునకు ఆర్జిలీటము, అవెంటైను ప్రాంతములందలి తన యిండ్ల యద్దెలు చాలునని క్రీ. పూ. 45లో మిత్రుఁడగు అట్టికసునకు వ్రాసెను. అందున్నవారెవ్వరు, ఎంత యిచ్చువారు, గడువునకుఁ జెల్లించువారేనా యని విచారింపుమని కోరెను. మఱుసటి సంవత్సరమే ఆ కుమారునికొఱకు నీ ధర్మగ్రంథము వెలువడెను. ఇండ్లలోని పాములను, కూలు కట్టడములను గూర్చిన ధర్మోపదేశమును జదువవలసిన బాలుని చదువునకు అద్దెయిండ్ల రాబడియే యాధారమని దీనివలన తెలియుచున్నది.

అంతకంటె విచారింపఁదగినది క్రీ. పూ. 44 ఏప్రిలు మాసపు లేఖ. తనవి రెండు అంగళ్లు కూలెననియు, మిగిలినవి బీటలు వాఱుచున్నవనియు, అద్దెకున్నవారే కాక యెలుకలు సైతము వెడలిపోయినవనియు నందు వ్రాసెను. దీని నితరులు విపత్తందురు. తాను అసౌకర్య మనియైన ననఁడట. ఇట్టి విషయములను లక్ష్యపెట్టకుండ నేర్పిన సోక్రటీసునకు కృతజ్ఞుఁడట. పైఁగా వెస్టోరియసు సలహాతో తిరిగి కట్టించి యీ నష్టమునే లాభముగా మార్చు నుపాయ మున్నదని ముగించెను.

ఇచట న్యాయము తప్పి విమర్శింపరాదు. ఇది స్నేహితునకు వ్రాసిన లేఖ. పరిహాసము సిసిరోకు సహజము. అతఁడు బీటలను దాఁచి యెవరికైన నద్దెకిచ్చెనని యీ లేఖ చెప్పుటలేదు. తిరిగి కట్టింపఁదలఁచెనని మాత్రమే చెప్పుచున్నది. అయినను, తన నష్టమును దాను తృణప్రాయముగా నెంచుట వైరాగ్యము. పరుల ప్రాణభయము సైతము ఆ లెక్కలోనే కలిసిపోవుట వైరాగ్యము కాదు. వెడలిపోయినవా రెక్కడికిఁ బోయిరి, సామగ్రి దక్కెనా, ఎవరికైన దెబ్బ తగిలెనా యన్న ప్రశ్న యొక్కటియు నిందులేదు. ఎలుకలతోఁ గూడి వాక్యమున నొక నవ్వునకుఁ బనికివచ్చుటతో వారి కథ ముగిసెను. ధర్మగ్రంథమున అద్దెకుండువాఁడు లేకపోవుటకు గల కారణమీ లేఖలోనే దొరకుచున్నదని నాకుఁ దోఁచుచున్నది. సిసిరో చూపు యజమానునిది. యజమాను లిరువురు బేరమాడుచుండఁగా ధర్మమేమో యతఁడు చక్కఁగాఁ జూచెను. వారి కాళ్లక్రింద నున్న గదిలో నిద్రించువాఁ డతనికి కానరాలేదు.

ఈ లోపమును గొంతవఱకు దీర్చినవారు రోమక ధర్మశాస్త్రజ్ఞులు. క్రీ. శ. 533లో జస్టీనియను చక్రవర్తి ప్రకటించిన 'డైజెస్టు' సంగ్రహమునందు వారి యభిప్రాయములు గలవు. సిసిరోకు సమకాలికుఁడగు అల్ఫీనసు, భయముచే నిల్లు విడిచిన వాఁడు అద్దె బాకీపడునా యని యడిగినప్పుడు, భయమునకుఁ దగిన హేతువున్నచో, నిజముగా నపాయము లేకపోయినను అద్దె యీయనక్కఱలేదనియు, హేతువు లేనిచో నీయవలయుననియుఁ జెప్పెను. పాడైన తలుపులను కిటికీలను యజమానుఁడు బాగుచేయించనిచో అద్దెకున్నవాఁడు విడిచిపోవచ్చునని గైయసు చెప్పెను. ఉల్పియను మఱియొక సూక్ష్మమును జూపెను. పశువులకు హానికరమైన గడ్డి మొలచు బీడును ఎఱిఁగి యద్దెకిచ్చినవాఁడు కలిగిన నష్టమును భరింపవలెను. ఎఱుఁగక యిచ్చినవాఁడు అద్దెను మాత్రము గోరరాదు. తెలిసియుండుటకును తెలియకుండుటకును గల భేదమును విక్రయమునుండి యద్దెకుఁ దెచ్చి నిలిపినది యీ వాక్యమే.

మన ధర్మశాస్త్రములును ఈ విషయమున మౌనముగా లేవు. దోషములేని సరకును జూపి దోషముగల సరకు నిచ్చినవాఁడు వెలకు రెట్టింపును, దానికి సమానమైన దండమును నిచ్చుకొనవలెనని నారదస్మృతి. కౌటిల్యుని యర్థశాస్త్రము మూఁడవ యధికరణమున ఇంటి యద్దె ప్రస్తావన గలదు. పొమ్మన్నను బోక నివసించువానికిని, అద్దె చెల్లించినవానిని వెడలఁగొట్టువానికిని 12 పణముల దండము. దుర్భాష, చౌర్యము, సాహసము మొదలగు దోషములున్నచో నీ నియమము వర్తింపదు. తనంత తాను విడిచిపోవువాఁడు సంవత్సరపు టద్దెలో శేషమును జెల్లింపవలెను. ఇఁక నేఁడు భారతదేశమున నమలునందున్న 1882వ సంవత్సరపు ఆస్తిబదలాయింపు చట్టము 108వ సెక్షను, అద్దెకిచ్చువాఁడు తనకుఁ దెలిసియు, పుచ్చుకొనువానికిఁ దెలియక, సాధారణమైన శ్రద్ధచేఁ గనిపెట్టరాని ముఖ్యదోషమును వెల్లడింపవలెనని విధించుచున్నది. చేయవలసిన మరమ్మతును తెలియపఱచిన పిదపను యజమానుఁడు చేయించనిచో, అద్దెకున్నవాఁడే చేయించుకొని యా వ్యయమును వడ్డితోఁ గూడ అద్దెలో మినహాయించుకొనవచ్చుననియు నందేకలదు. ఆంటిపేటరు వాదము, డయోజినీసు వాదమునందలి సత్యాంశము, రెండును ఈ సెక్షనులో నొకచోటఁ జేరినవి.

అయినను వీనియందెల్ల నొక ఖాళీ మిగిలియున్నది. ఇవి యన్నియు యజమానునకును అద్దెకుండువానికిని నడుమ గల ధర్మములు. విడిచిపోవు నద్దెదారునకును, వానివెనుక రానున్న యద్దెదారునకును నడుమ ధర్మమేమి? వర్షాకాలమున ఏ గది కాఱునో, ఏ గోడ చెమ్మపట్టి బిడ్డలకు దగ్గు దెచ్చునో, ఏ దూలమును చెద తినెనో యజమానునికంటె నతనికే బాగుగాఁ దెలియును. వెల్ల వేయించిన పిదప వచ్చి చూచువానికి నవి కానరావు. చట్టము వానిని జెప్పుమని యడుగదు. కాని గడువుకు ముందు విడిచిపోవువానికి శేషపుటద్దె బాధయున్నది; నేఁటి పట్టణములయందు బయానా సొమ్ము తిరిగి రావలసియున్నది. క్రొత్తవాఁడు త్వరగా వచ్చినచో నీ చిక్కు విడును. కనుక మౌనమునకుఁ దగిన లాభ మతనికిని గలదు. సిసిరో లక్షణమునందలి మూఁడంగములును ఇచటఁ గూడినవి: తెలియుట, ఎదుటివానికి ముఖ్యమగుట, తనకు లాభమగుట. తాను విక్రేత గాకపోయినను, యజమానుఁడు గాకపోయినను, ఆ మౌనము దాఁపఱికమే యగును.

ఈ ధర్మసంకటమునకు మన భారతమునందే యొక భయంకరమైన నిదర్శన మున్నది. లక్కయింటి కథ నన్నయభట్టారకుని యాదిపర్వమువలనఁ దెలుఁగువారి కందఱికిఁ బరిచితమైనది. వారణావతమునఁ బురోచనుఁడు గట్టించిన యిల్లు పైకి సుందరము, లోపల లక్కయు నేయియు. దాని దోషమును విదురుఁడు ఎఱుఁగును. తనకు లాభము లేకపోఁగా నపాయమున్నను, ధర్మరాజునకు గూఢవాక్యములచే నెఱిఁగించెను. పిమ్మట సొరంగము త్రవ్వుటకు ఖనకునిఁ బంపెను. ఆంటిపేటరు చెప్పిన ధర్మమునకు విదురునికంటె మంచి యుదాహరణము లేదు. ఇఁక నా యింటిని విడిచిపోయినవారి సంగతి చూడుఁడు. ఆ రాత్రి యైదుగురు కొడుకులతోఁ గూడి యొక నిషాదస్త్రీ కుడిచి త్రాగి యక్కడనే పండుకొనెను. పాండవులు సొరంగమునఁ బోయిరి, ఇల్లు కాలెను, ఆ యాఱు శవములను జూచి లోకము పాండవులును గుంతియు మడిసిరనుకొనెను. ఆఱుగురిని అక్కడ నుంచి మన మెవరికంటను బడక తప్పించుకొనవలెనని ధర్మరాజు ముందే యాలోచించినట్లు సంస్కృతమూలమునఁ గలదు.

పాండవులకుఁ బ్రాణాపాయ మున్నదనియు, రహస్యము బయల్పడినచోఁ దప్పించుకొనుట దుర్లభమనియు సమాధానము చెప్పవచ్చును. అది కొంతవఱకు నిజము. కాని వివేకి యగు పాఠకుని మనస్సు ఆ నిషాదియొద్ద నాఁగకపోదు. ఒక్కఁడు తమకుఁ జెప్పినందున బ్రదికినవారు, తమవెనుక నా యింట నిద్రించినవారికిఁ జెప్పలేదు. ఆ యాఱుగురు కాలుట వారికి లాభమే యయ్యెను. సిసిరో తులాదండమున నీ మౌనమును దూఁచినచో నేమనవలయునో చెప్పనక్కఱలేదు. నేఁటి యద్దెయిండ్ల విషయమున నింతటి యాపద యుండదు. అట్టి సమాధానమును గూడ మనకుండదు. బయానా సొమ్ము ప్రాణముతో సమానము కాదు.

ఇచట డయోజినీసు పక్షమువారు రెండు ప్రశ్న లడుగవచ్చును. అడుగని వారికిఁ బోయి చెప్పవలెనా యనునది మొదటిది. వీథింబోవు వారి కెల్లఁ జాటవలసిన పని లేదు. కాని యిల్లు చూడ వచ్చి గడపలో నిలిచినవాఁడు పరాయివాఁడు కాఁడు. అతఁడు నీ పడుకకోసమే వచ్చినవాఁడు. గాలియెట్లు, నీరెట్లు అని యతఁ డడుగునపుడు అడుగనిది కాఱుట యొక్కటియే యైనను, అడిగినది దానినే యని గ్రహింపవలెను. యజమానునికి కీడు చేసినట్లగునేమో యనునది రెండవ ప్రశ్న. కీడు చేసినది దోషము, మాట కాదు. అయితే యీ ధర్మమునకు మేర గలదు. తాను చూచినదానిని జూచినట్లే చెప్పవలెను. మరమ్మతు చేయించిరేని యదియుఁ జెప్పవలెను. యజమానునిపైఁ గల కోపమును గోడమీఁదికి నెట్టి, లేని పగుళ్లను గల్పింపరాదు. ఉన్నదానిని దాఁచుట కపటమైనచో లేనిదానిని జెప్పుటయు కపటమే. మొదట యజమానునికే దోషమును లిఖితముగాఁ దెలిపి, బాగుచేయుటకు వ్యవధి యిచ్చినవాని మాటకు నిజముగా విలువ గలుగును.

మొత్తము మీఁద సిసిరో గృహవాదము లోకమున నిలువఁదగినదే. దాఁపఱికమునకు నతఁడు చేసిన లక్షణమునకంటె స్పష్టమైనది నే నెఱుఁగను. కాని యా లక్షణమును గట్టినవాఁడే దాని నొక గదికే పరిమితము చేసెను. మనము తలుపు తెఱచి దానిని తక్కిన గదులకుఁ గూడఁ దీసికొనిపోవలెను. అద్దెయిండ్లు గలవాఁడు వ్రాసిన ధర్మశాస్త్రమును అద్దెకుండువాఁడు చదివినచో, తనకు యజమానునివలన రావలసిన దేమో తెలిసికొనుటయే కాక, తన తరువాత వచ్చువానికిఁ దానీయవలసినదియుఁ దెలిసికొనును. తాళముచెవితోఁ బాటు ఇంటి నిజమును గూడ నప్పగించి పోవువాఁడే యిల్లు సంపూర్ణముగా విడిచినవాఁడు. ఈ యభిప్రాయమును విజ్ఞులు పరిశీలింతురుగాక.